గ్లాసు లేని దీవెన

కెమిన్,
ఏప్రిల్ 29.

సుయుంకాన్ అక్కకి,

బతికే ఉన్నాను. ఇంటికి రాసే ఉత్తరంలో మొదటి మాట అదే ఉండాలని ఈ తాగుడు మాన్పించే ఇంటి పెద్ద రఖాత్ చెప్పాడు. మొదటి ఐదు రోజులూ బతికున్నానో లేదో నాకే తెలియలేదు. ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, గోడ మీద చీమలు పాకుతున్నాయని కేకలు. డాక్టరమ్మ వచ్చి సూది వేసి వెళ్ళేది. ఆరో రోజు ఒక గిన్నెడు మాంసం చారు తాగి కక్కకుండా ఉన్నాను. పక్క మంచం వాడు చప్పట్లు కొట్టాడు. ఇరవై రెండేళ్ళు పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని విందులు నడిపి 'తమదా' అని పిలిపించుకున్నవాణ్ణి కదా, చప్పట్లకు కొదవ లేదు. కానీ ఇవి మాత్రం నాకే పడ్డాయి, నా చేతిలోని గ్లాసుకు కాదు.

ఇక్కడ ఫోన్లు తీసేసుకున్నారు. నువ్వు మేలో కొండెక్కితే నీకూ సిగ్నల్ ఉండదు కాబట్టి ఇద్దరం సమానమే. వ్యాను నడిపే జన్‌బొలొత్ వారం వారం మన వైపు వస్తాడు, ఉత్తరాలు అతనికివ్వు.

వరండాలో ఒక చెక్క పలక ఉంది. ఒక్కొక్కరికీ ఒక వరుస, వరుసకు నూట ఇరవై బెజ్జాలు, ఒక మేకు. పొద్దున లేవగానే మేకు ఒక బెజ్జం ముందుకు జరుపుకోవాలి. చుక్క నోట్లో పడితే మళ్ళీ మొదటి బెజ్జానికి. నా మేకు ఇవాళ పదిలో ఉంది. ఆగస్టు పదిహేడుకు చివరికి చేరుతుంది. ఐకానిష్ పెళ్ళి సెప్టెంబరు పన్నెండు. తల్లి లేని పిల్ల, తండ్రి అయినా పక్కన నిలబడాలి. నిలబడతాను.

ఇంకో మాట. మాకు గుర్తులేనివి ఇంట్లోవాళ్ళ చేత రాయించుకోవాలని రఖాత్ పని పెట్టాడు. రెండేళ్ళ కిందట నా భార్య బురుల్ సంవత్సరీకం విందులో నేనేం చేశాను? ఎవరినడిగినా "కాస్త ఎక్కువ మాట్లాడావులే" అంటారు. నా కూతురు ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. కాస్త ఎక్కువ మాట్లాడినందుకు రెండేళ్ళు మాట మానేస్తారా? దాచకుండా రాయి.

నీ తమ్ముడు,
సగినాలి


సోంకుల్ పచ్చిక,
జూన్ 14.

ఒరేయ్ సగినాలీ,

నీ ఉత్తరం ఎప్పుడో అందింది. ఆరు గుర్రాలు ఈనాయి. రెండు గంటలకోసారి పాలు పితకాలి, ఆ నల్లది నా చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యి తగిలినా తంతుంది. కలం పట్టుకునే తీరికేది? నిన్ను చూడటానికి రాలేదని మనసులో పెట్టుకోకు.

ఆ సంవత్సరీకం గొడవ ఇప్పుడెందుకు? మానిన పుండు గోకితే రక్తం తప్ప ఏమొస్తుంది? నువ్వు ఒంట్లో బలం చూసుకో. అక్కడ బంగాళదుంపలు, సూదులు తప్ప ఏం పెడుతున్నారు? నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పుడు డాక్టర్లు చేతులెత్తేస్తే అమ్మ వేసవంతా కుమిస్ తాగించి నిలబెట్టింది, మర్చిపోయావా? జన్‌బొలొత్ చేత తోలుసంచి నిండా కుమిస్ పంపుతున్నాను. మన గుర్రాల పాలే. నీకు ఘాటుగా ఉంటే ఇష్టమని ఐదు రోజులు పులియబెట్టి చిలికాను. నువ్వూ తాగు, నలుగురికీ పొయ్యి.

ఐకానిష్ నిన్ను అడిగినట్టు చెప్పమంది. నాన్నగారిని ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమంది.

అక్క


కెమిన్,
జూన్ 19.

అక్కా,

సంచి అందింది. కుమిస్ బాగుంది. సంచి కడిగి జన్‌బొలొత్‌కి ఇచ్చాను. ఇక్కడ వానలు పడుతున్నాయి.

ఐకానిష్ నిజంగా "నాన్నగారు" అందా? పుట్టినప్పటి నుంచి నన్నెప్పుడూ అలా పిలవలేదు.

సగినాలి


సోంకుల్ పచ్చిక,
జూన్ 30.

ఏరా, నాలుగు ముక్కల ఉత్తరమా? మైకు ఇస్తే వదలని వాడివి, తేలు కుట్టిన దొంగలా ఏమిటా మౌనం? నా కుమిస్ ఎంతమంది తాగారు, ఎవరేమన్నారు, ఒక్క మాట రాయలేదు. మెచ్చుకోలు నాకు అక్కర్లేదనుకున్నావా?

మన వియ్యంకుడు మంబెత్‌కుల్ తొక్మక్ నుంచి వచ్చి వెళ్ళాడు. ఒక గొర్రెను సగం ఆయనే తిన్నాడు, మిగతా సగం ఆయన తమ్ముడు. మనిషి మంచివాడే కానీ శకునాలు, సంప్రదాయాలు అంటూ నీళ్ళు తాగాలన్నా దిక్కు చూస్తాడు. "పిల్ల తండ్రి కనబడడేం?" అన్నాడు. కిడ్నీలు బాగోలేక వైద్యం చేయించుకుంటున్నాడు, పెళ్ళికి గుర్రంలా వస్తాడు అని చెప్పాను. నా మాట నిలబెట్టు. కొత్త టోపీ కొన్నాను నీకు, తెల్లది.

అక్క


కెమిన్,
జూలై 6.

అక్కా,

ఎంతమంది తాగారని అడిగావు. ఒక్కడే తాగాడు.

కుమిస్‌ని ఒంటరిగా తాగే కిర్గిజ్ వాడిని నువ్వు ఎప్పుడైనా చూశావా? గుడారం ముందు దారినపోయే దానయ్యని కూడా పిలిచి గిన్నె చేతిలో పెడతాం. నేను సంచి తీసుకుని కట్టెల షెడ్డులో దూరాను. ఇక్కడ నేను కాక పద్నాలుగు మంది ఉన్నారు, ఒక్కడికీ చెప్పలేదు. మొదటి గుక్క తాగుతున్నప్పుడు "ఇది మా అక్క చేతి పాలు, దీనికి లెక్కేమిటి" అనుకున్నాను. మూడో గిన్నెకి తలుపు గడియ పెట్టాను. గడియ పెడుతున్న చెయ్యి నాకు బాగా తెలిసిన చెయ్యి అక్కా. వోడ్కా సీసా దాచేదీ ఆ చెయ్యే. అప్పుడే నేను తాగుతున్నది పాలు కాదని తెలిసింది. తెలిసీ సంచి ఖాళీ చేశాను.

ఎవరూ చూడలేదు. రెండు రోజులు మేకు జరుపుతూనే ఉన్నాను, నీకు అబద్ధపు ఉత్తరం కూడా రాశాను. ఇరవయ్యో తారీకు పొద్దున పలక ముందు నిలబడితే చెయ్యి లేవలేదు. "ఏంటి తమదా, మేకు బరువెక్కిందా?" అన్నాడు రఖాత్. చెప్పేశాను. ఆయన తిట్టలేదు. తాగుడు మాని పదకొండేళ్ళయిన మనిషి, ఆయనకు తెలియని షెడ్డు లేదు. "నీ మేకు నువ్వే తియ్యి" అన్నాడు. అరవై రెండో బెజ్జానికి రావలసిన మేకు మర్నాడు మళ్ళీ ఒకటిలో పెట్టుకున్నాను.

ఇప్పుడు చివరి బెజ్జం అక్టోబరు పద్ధెనిమిది. పెళ్ళి సెప్టెంబరు పన్నెండు. లెక్క నీకూ తెలుసు.

నువ్వు బాధపడకు. పంపింది నువ్వు, దాక్కున్నది నేను.

సగినాలి


సోంకుల్ పచ్చిక,
జూలై 15.

సగినాలీ,

నోరు కుట్టేసుకుని కూర్చోలేకపోయావా? ఇరవై రెండేళ్ళు ఇంటిల్లిపాదికీ అబద్ధాలు చెప్పి, నిజం చెప్పడానికి ఇదే ముహూర్తం దొరికిందా? ఎవరూ చూడలేదని నువ్వే రాశావు. ఊరుకుంటే ఆగస్టులో బయటపడేవాడివి, తెల్ల టోపీ పెట్టుకుని కూతురి పక్కన నిలబడేవాడివి.

పైగా నా కుమిస్‌ని సారా అంటావా? అయితే నాన్న తాగుబోతా? అమ్మ మనకు గిన్నెల్లో సారా పోసి పెంచిందా? ఈ పచ్చిక మీద ముసలివాళ్ళూ ముతకవాళ్ళూ నా సంచి కోసం గుర్రాలేసుకొస్తారు. నా పాలకి వంక పెట్టినవాడు నా తమ్ముడొక్కడే.

ఇప్పుడు వియ్యంకుడికి ఏం చెప్పను? కిడ్నీలు ఎక్కువయ్యాయని చెప్పనా?

నాకిక ఉత్తరాలు రాయకు.


సోంకుల్ పచ్చిక,
ఆగస్టు 2.

తమ్ముడూ,

రాయొద్దన్నాను, నువ్వు రాయలేదు. చెప్పిన మాట వినడం ఇప్పుడే నేర్చుకున్నావు కాబోలు. నేనే రాస్తున్నాను.

మొన్న ఐకానిష్ కొండ మీదికి వచ్చింది. పెళ్ళికి తీసుకెళ్ళే ఉన్ని తివాచీ అంచులు ఇద్దరం కూర్చుని కుడుతున్నాం. నా కడుపులో మంట ఆగక నీ సంగతంతా కక్కేశాను. కుమిస్, షెడ్డు, మేకు, అన్నీ. అది సూది ఆపింది.

"ఎవరూ చూడలేదా అత్తా?" అంది.

"ఎవరూ చూడలేదే."

"మరెందుకు చెప్పాడు?"

"వాడి బుద్ధి గడ్డి తిని" అన్నాను. అది మళ్ళీ సూది అందుకుంది. సాయంత్రం దాకా కుట్టింది. వెళ్ళేటప్పుడు, "నాన్న అడిగింది రాశావా?" అంది. లేదన్నాను. "రాయి అత్తా. నిజం చెప్పినవాడికి నిజం చెప్పాలి కదా" అంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, నా పీక పట్టుకున్నట్టు అడిగింది. అందుకే రాస్తున్నాను.

సంవత్సరీకం రోజు ముల్లా ఖురాన్ చదవడం ముగించాడు. బురుల్ కోసం ప్రార్థన చెప్పడానికి అందరూ అరచేతులు ఎత్తారు. నువ్వు గ్లాసు పట్టుకుని లేచావు. ఎక్కడున్నావో మర్చిపోయావు. పెళ్ళి అనుకున్నావు. "వధూవరులు నూరేళ్ళు చల్లగా ఉండాలి" అన్నావు. "పెళ్ళికూతురు ఎక్కడ, సిగ్గుపడుతోందా, ముందుకు తీసుకురండి" అన్నావు. ఎదురుగా బురుల్ ఫోటో ఉంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అందరికంటే ముందు ఎత్తిన చేతులు దించేసింది ఐకానిష్. దించేసి బయటికి వెళ్ళిపోయింది. నీ మాటకి ఇక జన్మలో చేతులెత్తనని నాతో అంది. నువ్వక్కడ చేరాక, మేకు చివరి బెజ్జానికి చేరకుండా నువ్వు పెళ్ళి విందులో అడుగుపెడితే తనే విందు వదిలి వెళ్ళిపోతానని కూడా అంది, అది నీకు చెప్పలేదు నేను.

అది నిన్ను అడిగినట్టు చెప్పమనలేదు. ఆ "నాన్నగారు" నా కల్పన. తొందరలో అతికించాను, అతకలేదు.

ఇంకొకటి ఉంది. నాకు తెలుసురా. ఐదో రోజు కుమిస్ తాగి మా మరిది గుర్రం ఈ వైపు నుంచి ఎక్కి ఆ వైపు దిగాడు. నాకు తెలియక కాదు. కడుపు చల్లబడితే ఆ సంవత్సరీకం మాట మళ్ళీ అడగవని పంపాను. నిజం బదులు సంచి పంపాను. తప్పు నీదొక్కడిదే కాదు.

అక్క


కెమిన్,
ఆగస్టు 11.

అక్కా,

నీ ఉత్తరం మా వాళ్ళందరి ముందూ పైకి చదివాను. ఇక్కడ అది పద్ధతి. "పెళ్ళికూతురు సిగ్గుపడుతోందా" అన్న చోట కాగితం కింద పెట్టేశాను. పద్నాలుగు మందిలో ఒక్కడూ నవ్వలేదు. మిగతాది పక్క మంచం వాడు చదివాడు.

కాలు జారితే తీసుకోగలం కానీ నోరు జారితే తీసుకోలేం అని పెళ్ళిళ్ళలో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పి నవ్వించేవాణ్ణి. ఆ రోజు నన్ను పట్టుకుని కొట్టవలసింది మీరు. సిగ్గుతో చచ్చిపోవాలని ఉంది, కానీ చావను. చస్తే మళ్ళీ నాకోసం విందు పెట్టాలి, ఆ మైకు ఎవడి చేతిలో పడుతుందో.

పన్నెండో తారీకు రాను. ఇక్కడ గేటుకి తాళం లేదు, కావాలంటే ఇవాళే నడిచి పోవచ్చు, కూతురి పెళ్ళి అంటే రఖాత్ కూడా అడ్డుపడడు. కానీ నా సంగతి నాకు తెలుసు. మూడొందల మంది, బల్ల బల్లకీ సీసాలు, "తమదా, నీ మాట, నీ మాట" అని పిలుపులు. మొదటి గ్లాసు వద్దంటాను. రెండోది వద్దంటాను. మూడో గ్లాసు దగ్గర నా కూతురు నా ముఖం చూస్తుంది. ఆ చూపు నాకొద్దు. దానికి అసలే వద్దు. అది పెట్టిన షరతు న్యాయమైనది. మేకు చివరికి చేరాకే దాని ఇంటి గడప తొక్కుతాను.

నా బదులు దీవెన నువ్వివ్వు. ఒక నిజం చెప్పనా? గ్లాసు లేకుండా దీవించడం నాకు రాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చేయలేదు. రోజూ పొద్దున ఉల్లి మడుల్లో కలుపు తీస్తూ అభ్యాసం చేస్తున్నాను. రెండు వాక్యాలు దాటి మాట రావడం లేదు. ఉల్లిపాయలు కూడా ఏడుస్తున్నాయి.

సగినాలి


సోంకుల్ పచ్చిక,
సెప్టెంబరు 4.

ఒరేయ్ తమ్ముడూ,

జాగ్రత్తగా చదువు. శనివారం పన్నెండో తారీకు పొద్దున పిల్లని మన ఊళ్ళో సాగనంపుతాం. నేను దాని కోసం ఒక్క పూట కొండ దిగుతాను, కార్లు కదలగానే ఆ నల్లదాని కోసం మళ్ళీ ఎక్కాలి. కాబట్టి కెమిన్ దాకా నేను రాను. కార్లు వస్తాయి. తొక్మక్ వెళ్ళే దారి మీ గేటు ముందు నుంచే కదా. ఒంటిగంట ప్రాంతంలో ఆగుతాయి.

ఇది నా ఆలోచన కాదు. నీ ఉత్తరం ఐకానిష్‌కి ఇచ్చాను. రెండుసార్లు చదివింది. "రానన్నాడు" అంది, ఆశ్చర్యంగా. తర్వాత, "అయితే కారు అక్కడ ఆగుతుంది" అంది.

వియ్యంకుడు ఎగిరిపడ్డాడు. కిడ్నీలు కాదు, తాగుడు అని ముందే చెప్పేశాను, అబద్ధాలు మోసి నా నడుం పట్టేసింది. "పెళ్ళికూతురి కారు మధ్యదారిలో ఆపడమే అపశకునం, అందులో తాగుబోతుల గుమ్మం ముందా?" అన్నాడు. "ఆ గుమ్మం లోపల తాగని మగాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు వియ్యంకుడా, రేపు నీ విందులో అంతమందిని లెక్కపెట్టి చూపించు" అన్నాను.  ఆయన భార్య తలగుడ్డ చెంగుతో మూతి మూసుకుని నవ్వింది.

నువ్వు గేటు దాటకు. లోపలే నిలబడు. దీవెన రాదంటావేంరా, నాన్న ఇస్తుంటే చూడలేదా? రెండు అరచేతులూ ఎత్తాలి. గ్లాసు పట్టుకుంటే ఒక చెయ్యే మిగులుతుంది. ఇన్నేళ్ళూ నువ్విచ్చినవి సగం దీవెనలే. చేతులు కడుక్కుని ఉండు. టోపీ పంపుతున్నాను. ఈసారి ఇంకేం పంపడం లేదు.

అక్క


కెమిన్,
సెప్టెంబరు 13.

అక్కా,

కార్లు ఒకటిన్నరకి వచ్చాయి. నేను పదకొండు నుంచి నిలబడ్డాను. నా వెనక పద్నాలుగు మంది, అందరూ గడ్డాలు గీసుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని. రఖాత్ కోటు కూడా వేశాడు. పక్క మంచం వాడు గేటుకి తెల్ల రిబ్బను కట్టాడు, ఎక్కడిదో అడిగితే డాక్టరమ్మ కట్టుగుడ్డ అన్నాడు.

ముందు మంబెత్‌కుల్ తమ్ముడు దిగాడు. మంచి మనిషి, పాపం, అలవాటు. దారిలో ఎక్కడ ఆగినా చేసేదే చేశాడు. కారు వెనక తెరిచి, సీసా తీసి, గ్లాసు నింపి, "పిల్ల తండ్రి మాట లేకుండా ఎలా, రండి వియ్యంకుడా" అని గేటు మీదుగా చాపాడు. ఎండలో గ్లాసు మెరిసింది. నా కుడి చెయ్యి లేచింది అక్కా. నీకు అబద్ధం రాయను, లేచింది. ఇరవై రెండేళ్ళ చెయ్యి, నన్నడగలేదు.

అప్పుడే వెనక తలుపు తీసుకుని ఐకానిష్ దిగింది. తెల్ల గౌను, తలమీద వాళ్ళమ్మ శాలువా. అది గ్లాసు చూసింది. నా చెయ్యి చూసింది. అక్కడే ఆగిపోయింది.

లేచిన చెయ్యి దించలేదు. రెండోది కూడా ఎత్తాను. రెండు అరచేతులూ పైకి తెరిచి పట్టుకున్నాను, నాన్నలా. గ్లాసు చాపినవాడు ఎక్కడ పెట్టాలో తెలియక ఒక క్షణం నిలబడి, చివరికి దాన్ని కారు పైకప్పు మీద పెట్టి, తనూ చేతులు ఎత్తాడు. అది చూసి మంబెత్‌కుల్ దిగాడు. వెనక మా వాళ్ళు ఎత్తారు. అల్లుడు ఎత్తాడు.

అభ్యాసం చేసిన రెండు వాక్యాలూ పోయాయి. మైకు లేదు, నవ్వించే మాట లేదు. "ఐకానిష్, నీ పేరు మీ అమ్మ పెట్టింది" అన్నాను. "ఈ రోజు చూడటానికి ఆమె లేదు. ఆమె కోసం అందరూ చేతులెత్తిన రోజు నేను పాడు చేశాను. ఆ తప్పుకి క్షమించమని దండం పెట్టి అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరూ తలుపు గడియ పెట్టుకుని ఏదీ తాగకూడదు. మీ బల్ల దగ్గర దారినపోయేవాడికి కూడా చోటుండాలి. అమ్మా, ఇంతే నాకొచ్చింది. ఆమీన్." చేతులతో ముఖం తుడుచుకున్నాను, ముఖం తడిసిపోయి ఉంది.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గరికొచ్చి, "మేకు ఎందులో ఉంది?" అంది. ఎనభై నాలుగు అన్నాను. "అక్టోబరు పద్ధెనిమిదిన నేనే వస్తాను నాన్నా, అప్పటిదాకా కదలకు" అంది. రెండేళ్ళలో నాతో మొదటి మాట అక్కా, అది కూడా ఆజ్ఞే. నీ పోలిక.

ఇవాళ పొద్దున మేకు ఎనభై ఐదులో పెట్టాను. ఇంకా ముప్పై ఐదు.

నువ్వు అక్కడ లేవు కాబట్టి ఒకటి చెప్పాలి. దీవెన ఇస్తున్నంతసేపూ నేను ఆకాశం వైపు చూడలేదు, ముల్లా ఏమన్నా అనుకోనీ. దాని చేతులే చూశాను. మొదట ఎత్తలేదు. వాళ్ళమ్మ మాట రాగానే ఎత్తింది. నా మాట అయ్యేదాకా దించలేదు.

నీ తమ్ముడు,
సగినాలి